గడ్డపార, పూలబుట్ట

తిరుమలలో మాడవీధుల పక్కనే ఉన్న పురుశైవారి తోట జీతం లేని చాకిరీతో పుట్టింది. అనంతాళ్వాన్ తోట అన్నా ఇదే. చారిత్రక కట్టడాల దగ్గర, పాత తోటల్లో ఊరికే వచ్చి కలుపు తీసి, నీళ్ళు పోసి, చెత్త ఎత్తి వెళ్ళే స్వచ్ఛంద సేవ విదేశాల నుంచి వచ్చిన అలవాటని చాలామంది అనుకుంటారు. తిరుపతి, చిత్తూరు సీమలో అది తొమ్మిది వందల ఏళ్ళ నాటి వ్యవహారం.

అనంతాళ్వాన్ పదకొండో శతాబ్దంలో, ఇప్పటి కర్ణాటకలోని శ్రీరంగపట్నం దగ్గర పుట్టాడు. శ్రీరంగం చేరి రామానుజాచార్యుల శిష్యుడయ్యాడు. ఒకనాడు పాఠం చెబుతూ, తిరుమల కొండ మీదే ఉండిపోయి స్వామికి రోజూ పూలు సమర్పించగలవారు ఎవరైనా ఉన్నారా అని ఆచార్యులు అడిగారని వైష్ణవ సంప్రదాయం చెబుతుంది. అప్పట్లో ఆ కొండంతా దట్టమైన అడవి, ఎముకలు కొరికే చలి, పైగా జ్వరాల భయం. గోష్ఠిలో అందరూ తలలు వంచుకుంటే అనంతాళ్వాన్ ఒక్కడే లేచి నిలబడ్డాడట. భార్యతో కొండెక్కి, ముందు నీటి కోసం చెరువు తవ్వి, ఆ తరువాత పూలమొక్కలు పెట్టి, తోటకు గురువు పేరు పెట్టుకున్నాడు.

ఆ చెరువు తవ్వకం చుట్టూ అల్లుకున్న కథ ఈ సీమలో తెలియనివారు లేరు. అనంతాళ్వాన్ తవ్వుతుంటే నిండు గర్భిణి అయిన భార్య మట్టి తట్టలు మోస్తోంది. ఒక పిల్లవాడు వచ్చి ఆమెకు సాయం పట్టాడు. సేవలో వేరొకరికి వాటా ఇవ్వడం ఇష్టంలేని అనంతాళ్వాన్ కోపంతో గడ్డపార విసిరాడు. దెబ్బ ఆ పిల్లవాడి గడ్డానికి తగిలింది. గుడిలోకి వెళ్ళి చూస్తే రక్తం కారుతున్నది మూలవిరాట్టు గడ్డం నుంచి. అందుకే నేటికీ స్వామి గడ్డానికి పచ్చకర్పూరం అద్దుతారు. ఆ గడ్డపారను మహాద్వారం లోపలి గోడకు వేలాడదీసి ఉంచారు. కథలో మహిమ సంగతి ఎలా ఉన్నా, తోటపని తెలిసినవాళ్ళు అల్లిన కథ అని మాత్రం ఒప్పుకోవాలి. పూల ముచ్చట కన్నా ముందు నీళ్ళ గురించి, మట్టి మోత గురించి అది మాట్లాడుతుంది.

శ్రీవైష్ణవులు శ్రీరంగాన్ని భోగమండపమనీ, కంచిని త్యాగమండపమనీ, తిరుమలను పుష్పమండపమనీ పిలుస్తారు. కొండ మీద పూసిన పువ్వంతా స్వామిదే కాబట్టి అక్కడ ఆడవాళ్ళు జడలో పూలు పెట్టుకోరు. మూలమూర్తికి వేసే దండలకు పేర్లూ కొలతలూ ఉన్నాయి. కిరీటం మీదుగా రెండు భుజాల పైకి దిగే శిఖామణి ఒక్కటే ఎనిమిది మూరలు. కంఠసరి, కఠారిసరం, తావళాలు, తిరువడి దండలు అన్నీ ఇలాగే లెక్క ప్రకారం కట్టాలి. గురువారం పూలంగి సేవలో స్వామి ఒళ్ళంతా పూలే. ఇంత పని రోజూ ఉన్నప్పుడు తోట అలంకారంగా మిగలదు, గుడి నిత్యావసరమవుతుంది. ఒక పూట నీళ్ళు తప్పినా మరునాటి దండలో తేడా తెలుస్తుంది. ప్రపంచంలో ఎన్నో రాజోద్యానాలు రాజులతోపాటే పోగా తిరుమలలో నందనవనాల సంప్రదాయం బతికి ఉండడానికి ఈ నిత్య అవసరమే ముఖ్య కారణం.

రెండో కారణం పండుగలు. బ్రహ్మోత్సవాలు ముగిసిన మరునాడు బాగ్‌సవారి జరుగుతుంది. అమ్మవారితో కలిసి తోటలో పూలు కోస్తూ స్వామి అనంతాళ్వాన్‌కు దొరికిపోయి, అప్రదక్షిణంగా పరుగెత్తి తప్పించుకున్నాడన్న కథకు గుర్తుగా ఊరేగింపు ఆ రోజు మామూలు దిశకు ఎదురుగా సాగి తోటకు చేరుతుంది. ఆండాళ్ జన్మనక్షత్రమైన ఆడిపూరం నాడు మళ్ళీ స్వామి తోటకు వేంచేస్తారు. అనంతాళ్వాన్ చనిపోయాక పొగడచెట్టుగా మారాడని నమ్మకం. తోటలోని ఆ పొగడచెట్టుకు స్వామివారి మర్యాదలు అందుతాయి. ఆయన వంశీకులు ఏటా అక్కడ కలుస్తారు. సంవత్సరంలో కచ్చితంగా స్వామి వచ్చే చోటును ఆక్రమించాలనీ, ఎండబెట్టాలనీ ఎవరికి తోస్తుంది? ముళ్ళకంచె కన్నా పంచాంగంలో ఒక తేదీ గట్టి కాపలా.

ఇదే సీమకు దక్షిణం వైపు నుంచి వచ్చిన మరో సంప్రదాయం శైవులది. ఏడో శతాబ్దపు నాయనారు అప్పర్, అంటే తిరునావుక్కరసర్, గుడి గుడికీ తిరిగి పాడడమే కాక గుడి ఆవరణల్లో గడ్డి దోకేవాడు. తమిళ గుళ్ళలో ఆయన విగ్రహాన్ని గుర్తుపట్టేది ఆయన పట్టుకున్న పారతోనే. దాని పేరు ఉళవారం. శ్రీకాళహస్తి ఆయన పాడిన క్షేత్రాల్లో ఒకటి. తమిళనాడులో ఈనాటికీ ఉళవారప్పణి పేరుతో జట్లు కట్టి, సెలవు రోజుల్లో పాత శివాలయాలకు వెళ్ళి కలుపు తీసి, ప్రాకారాలు శుభ్రం చేసి, దీపపు కుందులూ ఇత్తడి సామానూ తోమి వస్తారు. తిరుత్తణి 1960 దాకా చిత్తూరు జిల్లాలోనే ఉండేది. ఆ పక్కనే ఉన్న నగరిలో రెండు భాషలూ కలిసి వినిపిస్తాయి కనుక ఈ ఆచారం పరాయిదేమీ కాదు.

తిరుమల తిరుపతి దేవస్థానం 2000లో ప్రారంభించిన శ్రీవారి సేవ ఈ పాత కైంకర్యానికి కొత్త కాలపు ఏర్పాటు. ఊరూరి నుంచి జట్లుగా పేర్లు నమోదు చేసుకుని వచ్చినవాళ్ళు సాధారణంగా వారం రోజులు కొండ మీద ఉండి పనిచేస్తారు. క్యూలైన్లు, అన్నప్రసాదం, మంచినీళ్ళు వంటి పనులు ఎక్కువ. పూలదండలు కట్టే చోట కూడా సేవకులు కూర్చుంటారు. ఇక్కడ ఒక మెలకువ గమనించాలి. ఏ పువ్వు ఏ దండకు, ఎన్ని మూరలు అన్నది ఆ పనిలోనే ఉండే సిబ్బందికి తెలుసు. వారం రోజుల సేవకుడు వాళ్ళు చెప్పినట్టు చేస్తాడు. ఇంగ్లండులో 1895లో పుట్టిన నేషనల్ ట్రస్టు పద్ధతీ ఇదే. 1948లో హిడ్‌కోట్ అనే తోటను, భవనం కోసం కాకుండా తోట కోసమే, ఆ సంస్థ తొలిసారి చేపట్టింది. ఇప్పుడు దాని తోటల్లో వేలమంది ఉచితంగా పనిచేస్తారు, కానీ ప్రతి తోటకూ జీతం తీసుకునే అనుభవజ్ఞుడైన తోటమాలి పెద్దగా ఉంటాడు. ఆ పెద్ద లేనిచోట ఉత్సాహం కీడే ఎక్కువ చేస్తుంది.

కీడు ఎలా జరుగుతుందో చెప్పడానికి గోపురాలే చాలు. పిట్టలు వేసిన గింజల నుంచి రావి, మర్రి, మేడి మొక్కలు ఇటుకల సందుల్లో మొలుస్తాయి. జానెడు మొక్కగా ఉన్నప్పుడు చేత్తో పీకేయవచ్చు. వేరు లోపలికి పాకాక పట్టి లాగితే దానితోపాటు గచ్చూ ఇటుకలూ ఊడివస్తాయి. అప్పుడు కాండం కోసి, మిగిలిన మొదలు మళ్ళీ చిగురించకుండా నిపుణుల చేత మందు పెట్టించాలి. ఊడినచోట సిమెంటు పూయడం ఇంకో తప్పు. పాత కట్టడాలు సున్నపు గచ్చువి. సున్నాన్ని ఇసుకతో కలిపి, కరక్కాయ, బెల్లం ఊరిన నీళ్ళు పోసి మగ్గబెట్టేవారు. ఆ గచ్చు లోపలి చెమ్మను బయటికి వదులుతుంది. సిమెంటు దాన్ని లోపలే బిగించేస్తుంది, కొన్నాళ్ళకు ఉప్పు పేరి రాయి పొరలు పొరలుగా రాలుతుంది. రాతి మీద ఇసుకను ఒత్తిడితో చిమ్మి తళతళలాడించడం అన్నిటికన్నా ఘోరం. దుమ్ముతోపాటు శాసనాల అక్షరాలూ పోతాయి. సున్నం కొట్టడమూ, శిల్పాలకు ఎనామిల్ రంగులు వేయడమూ అంతే. దేవస్థానం శాసనాలను సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి వంటివారు 1930ల నాటికే చదివి అచ్చు వేయించబట్టి, నందనవనాలకు ఎవరు ఏం ఇచ్చారో ఈనాడు తెలుస్తోంది. చిన్న గుళ్ళ గోడల మీద ఇంకా ఎవరూ చదవని రాతలు ఉండవచ్చు.

అందుకే చట్టం కొన్ని గీతలు గీసింది. చంద్రగిరి కోట వంటి జాతీయ ప్రాధాన్యం గల కట్టడాలు 1958 నాటి కేంద్ర చట్టం కింద భారత పురావస్తు శాఖ చేతిలో ఉంటాయి. వాటిలో రాయినీ గచ్చునూ బయటివారు తాకకూడదు. చంద్రగిరిలో మూడంతస్తుల రాజమహల్ ముందు కనిపించే పచ్చిక, పూలమళ్ళు చూసుకోవడానికి ఆ శాఖకు ప్రత్యేకంగా ఉద్యాన విభాగమే ఉంది. స్వచ్ఛంద సేవకులకు మిగిలేది ప్లాస్టిక్ ఏరడం, దారుల వెంట గడ్డి తీయడం, గోడల మీద పేర్లు చెక్కేవాళ్ళను వారించడం. ఇది తక్కువ పనిలా అనిపించవచ్చు గానీ సెలవు రోజున కోటకు వెళ్ళి చూసినవాళ్ళు అలా అనరు. రాష్ట్ర రక్షణలో ఉన్న కట్టడాలకు 1960 చట్టం, గుళ్ళకు దేవాదాయ చట్టం వేరుగా ఉన్నాయి. కాబట్టి చీపురు పట్టేముందు ఆ చోటు ఎవరి అధీనంలో ఉందో తెలుసుకుని, రాతపూర్వకంగా అనుమతి తీసుకోవాలి.

కోనేళ్ళ పూడికతీత స్వచ్ఛంద సేవలో అన్నిటికన్నా బరువైనది. హైదరాబాదులోని బన్సీలాల్‌పేట మెట్లబావి దశాబ్దాలపాటు చెత్తకుప్పగా ఉండేది. రెయిన్‌వాటర్ ప్రాజెక్ట్ అనే సంస్థ నగరపాలక సంస్థతో కలిసి పూనుకుంది. దాదాపు రెండు వేల టన్నుల చెత్త, మట్టి తీశాక 2022 డిసెంబరు 5న బావి మళ్ళీ జనానికి తెరుచుకుంది. అంత పూడిక వట్టి శ్రమదానంతో తేలేది కాదు. యంత్రాలు, కూలీలు, ఇంజనీర్లు, డబ్బు అన్నీ కావాలి. చుట్టుపక్కల వాళ్ళను ఒప్పించి, మళ్ళీ అందులో చెత్త పడకుండా చూడడంలో సేవకుల పాత్ర పెద్దది.

నగరి చుట్టుపక్కల కూడా ఇలాంటి పనికి చోట్లకు కొదవలేదు. కుశస్థలి నది ఒడ్డున బుగ్గ అగ్రహారంలోని కాశీవిశ్వేశ్వరాలయం, నారాయణవనంలో కల్యాణ వేంకటేశ్వరుని గుడి, కార్వేటినగరంలో వేణుగోపాలస్వామి ఆలయం దగ్గరి స్కంద పుష్కరిణి, అక్కడి జమీందారుల పాత మహలు ఉన్నాయి. కళాశాలల్లో జాతీయ సేవా పథకం 1969 నుంచి ఉంది. అందులో చేరిన విద్యార్థి రెండేళ్ళలో 240 గంటలు సేవ చేయాలి, ఒక ఏడు రోజుల శిబిరంలో కూడా పాల్గొనాలి. ఆ గంటల్లో కొన్ని ఏటా ఒకే కోనేటికి కేటాయిస్తే ఫలితం ఉంటుంది. ఒక ఏడాది ఇక్కడ, మరో ఏడాది ఇంకెక్కడో అంటే ఫొటోలు మిగులుతాయి, గడ్డి తిరిగి మొలుస్తుంది.

కాలం కూడా చూసుకోవాలి. ఈ ప్రాంతానికి అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు పడతాయి. వాటి వెనకే ప్రాకారాల్లో కలుపు ఏపుగా లేస్తుంది. నేల ఇంకా తడిగా ఉన్న జనవరిలో పీకితే వేళ్ళతో సహా వస్తుంది. వేసవి దాకా ఆగితే నేల బిగుసుకుపోయి కాండం తెగుతుందే తప్ప వేరు రాదు. వయ్యారిభామను పూత రాకముందే తీసేయాలి. అది ఒంటికి తగిలితే దద్దుర్లు లేస్తాయి కనుక చేతికి తొడుగులు తప్పవు. పాత రాళ్ళ సందుల్లో రక్తపింజరలు ఉండవచ్చు, కాళ్ళకు బూట్లు ఉండాలి, రాయి ఎత్తేముందు కర్రతో కదిపి చూడాలి. పూడిక తీసేటప్పుడు నాణెమో విగ్రహమో బయటపడితే ఇంటికి తీసుకుపోకూడదు, కడగనూ కూడదు. భూమిలో దొరికిన పది రూపాయలకు మించిన విలువైన వస్తువు గురించి కలెక్టరుకు తెలియజేయాలని 1878 నాటి నిధుల చట్టం చెబుతుంది. ఆ చట్టం ఇంకా అమలులోనే ఉంది.