వార్తల్లో పదం: వెబ్‌టూన్

ఫోన్ తెరను వేలితో పైకి జరుపుతూ చదివే ధారావాహిక బొమ్మల కథ వెబ్‌టూన్. ఇది 2000ల తొలినాళ్లలో దక్షిణ కొరియాలో రూపుదిద్దుకుంది. అక్కడి నేవర్ సంస్థ వెబ్‌టూన్ వేదిక 2004లో మొదలైంది. వెబ్‌టూన్‌లో పుటల హద్దు లేదు కాబట్టి గడుల మధ్య ఖాళీయే కథా వేగాన్ని నిర్ణయిస్తుంది. తలుపు తట్టే బొమ్మకూ, తెరుచుకున్న తలుపు బొమ్మకూ నడుమ ఖాళీ పెంచితే ఉత్కంఠ పెరుగుతుంది. సమీక్షకులు ముందుగా పట్టించుకోవాల్సింది ఈ నడకనే; చిన్న తెరపై అక్షరాల స్పష్టత ఆ తర్వాత.

నిలువుగా సాగే బొమ్మల కథ ఓరుగల్లు ప్రాంతానికి కొత్తేమీ కాదు. ఉమ్మడి వరంగల్ జిల్లాలో ఉండి, ఇప్పుడు సిద్దిపేట జిల్లాలో కలిసిన చేర్యాలలో నకాషీలనే చిత్రకారులు చింతగింజల అంబలి, సుద్దమట్టి పూసిన బట్టపై, ఎర్రటి నేపథ్యంలో, కులపురాణాలను వరుస గడులుగా చిత్రించారు. కథకులు ఆ పొడవాటి పటాలను కొద్దికొద్దిగా విప్పుతూ, ఒక్కో గడినీ చూపిస్తూ పాడేవారు.