టోకెన్ ఓటు, సభ్యుని ఓటు: వికేంద్రీకృత యాజమాన్యం

క్రిప్టో కరెన్సీ ద్వారా నిధులు సేకరించి, పాలకవర్గానికి బదులు టోకెన్లు కలిగినవారి ఓట్లతో నడిచే సంస్థలను వికేంద్రీకృత స్వయంపాలక సంస్థలు అంటారు. అమెరికాలోని వయోమింగ్ రాష్ట్రం 2021 జూలై నుండి వీటిని పరిమిత బాధ్యత కంపెనీలుగా గుర్తిస్తోంది. అదే సంవత్సరం సిటీడావో అనే సంస్థ అక్కడి కోడీ పట్టణ సమీపాన 40 ఎకరాలు కొనుగోలు చేసింది. భూమిని కంపెనీ పేరిటే కొన్నారు. టోకెన్ ఓటునిస్తుందే గాని పట్టానివ్వదు.

విస్తరణ శాస్త్రవేత్తలు గమనించవలసినది ఓట్ల లెక్క. ఇటువంటి సంస్థలలో సాధారణంగా టోకెన్ల సంఖ్యే ఓటు బలం. పైగా అవి చేతులు మారుతుంటాయి. మన దేశంలో 2002 కంపెనీల చట్ట సవరణ ద్వారా వచ్చిన ఉత్పత్తిదారుల కంపెనీలో, సభ్యులందరూ వ్యక్తులే అయినప్పుడు, వాటాలెన్ని ఉన్నా ఒక్కొక్కరికి ఒక్క ఓటే. వేరుశనగ నూనె మిల్లును కొనదలచిన రైతు సంఘానికి ఈ భేదం చిన్నది కాదు: మొదటి పద్ధతిలో, ఒక్క కాయ కూడా పండించని పెట్టుబడిదారు కొనుగోలు ధరను నిర్ణయించగలడు.

ప్రతి ఓటూ, ప్రతి చెల్లింపూ సభ్యులందరికీ కనిపించే బ్లాక్‌చెయిన్ పద్దు మాత్రం నిజంగా ఉపయోగకరమైనదే. అందుకు క్రిప్టో నిధి అవసరం లేదు. క్రిప్టో లాభాలపై 2022 ఏప్రిల్ నుండి 30 శాతం పన్ను ఉండడం ఒక ఇబ్బంది. కాయ మిల్లుకు చేరే వారాలలోనే నిధి విలువ పడిపోతే, రైతులకు చెల్లించడానికి సొమ్ము చాలకపోవడం అంతకంటే పెద్ద ఇబ్బంది.