పాచిలో ఎన్ని ప్రాణాలో!

పొద్దున లేవగానే పళ్ల మీద జిగటగా తగిలే పాచి రాత్రి తిన్న అన్నం మిగులు కాదు, బ్యాక్టీరియా కాపురం. మనుషుల నోళ్లలో దొరికిన బ్యాక్టీరియా 700 రకాల పైమాటే. ఒంట్లో ఇంతకు మించిన వైవిధ్యం పేగుల్లోనే ఉంది.

వీటిని మొదట చూసింది డాక్టరు కాదు, బట్టల వ్యాపారి. హాలండ్‌లోని డెల్ఫ్ట్ ఊరివాడు లేవెన్‌హుక్. రోజూ ఉప్పుతో పళ్లు తోముకునే మనిషి. అయినా సందుల్లో జారుపిండిలా తెల్లగా ఏదో మిగిలింది. దాన్ని వాననీటిలో కలిపి, సొంతంగా చేసుకున్న కటకం కింద పెడితే, చిట్టి ప్రాణులు ఈదులాడుతూ కనిపించాయి. 1683 సెప్టెంబరు 17న లండన్ రాయల్ సొసైటీకి ఉత్తరం రాశాడు. జన్మలో పళ్లు తోమని ఒక ముసలాయన పాచి కూడా అడిగి తీసుకుని చూశాడు. అడిగినవాడి ధైర్యం మెచ్చుకోవాలి!

ఈ కాపురం కొత్తదేమీ కాదు. డెన్మార్క్‌లో 5,700 ఏళ్ల కిందట ఎవరో అమ్మాయి నమిలి ఉమ్మేసిన బంకముద్ద దొరికింది. అందులో ఆమె డీఎన్‌ఏతోపాటు చిగుళ్ల జబ్బుకు కారణమయ్యే బ్యాక్టీరియా ఆనవాళ్లూ ఉన్నాయి.

ఈ బ్యాక్టీరియాల్లో పిల్లల్ని కనడంలో ఆరితేరింది కొరినిబ్యాక్టీరియం మాట్రుకోటి. మామూలు బ్యాక్టీరియా ఒకటి రెండవుతుంది. పాచిలో దారప్పోగులా పెరిగే ఇది ఒక్కసారే 14 దాకా అవుతుందని 2024లో తేలింది.

ఇక పుచ్చుపన్నులో పురుగు ఉంటుందని మన పెద్దలు నమ్మేవారు. పురుగు లేదు గానీ, స్ట్రెప్టోకాకస్ మ్యూటన్స్ అనే బ్యాక్టీరియా ఉంది. 1924లో క్లార్క్ అనే శాస్త్రవేత్త దాన్ని పట్టుకున్నాడు. మనం తిన్న చక్కెర తిని ఆమ్లం వదులుతుంది. పీహెచ్ సుమారు 5.5 కన్నా దిగితే చాలు, ఒంట్లోకెల్లా గట్టిదైన పంటి పింగాణీ కూడా కరగడం మొదలవుతుంది. లాలాజలం మళ్లీ మరమ్మతు చేస్తుంది, కాస్త వ్యవధి ఇస్తేనే.

అలాగని అన్నీ దొంగలు కావు. పాలకూర, బీట్‌రూట్‌లలోని నైట్రేట్‌ను నాలుక మీది బ్యాక్టీరియా నైట్రైట్‌గా మారుస్తాయి. దాన్నుంచి పుట్టే నైట్రిక్ ఆక్సైడ్ రక్తనాళాలను సడలిస్తుంది. క్రిముల్ని చంపే మౌత్‌వాష్‌తో వారం పాటు పుక్కిలించినవాళ్లకు బీపీ కొద్దిగా పెరిగినట్టు ఒక పరీక్షలో కనిపించింది. డాక్టరు రాయకుండా రోజూ దాన్ని వాడటం నా లెక్కలో దండగ.

లాలాజలానికి మరమ్మతు వ్యవధి కావాలి కాబట్టి, టీలో చక్కెర మానలేకపోతే మానె, ఒక్క కప్పును గంటసేపు చప్పరించకండి.