మేనరికం లేని ఇంట్లోనూ పేగు పాలిప్‌లు

కృష్ణా డెల్టా దిగువన మచిలీపట్నం, గుడివాడ, దివిసీమ ప్రాంతాల్లో వంశపారంపర్య వ్యాధి అనగానే అందరికీ ముందుగా మేనరికమే గుర్తుకు వస్తుంది. మేనరికం ఎరుగని కుటుంబాలు తమకు అటువంటి బెడద లేదని నిశ్చింతగా ఉండిపోతాయి. కొన్ని వ్యాధుల విషయంలో ఈ భయానికి ఆధారం ఉన్నమాట నిజమే గాని, పెద్దపేగు లోపలి పొర మీద పాలిప్‌లనే బుడిపెలను వందల సంఖ్యలో మొలిపించి, నడివయసులోనే క్యాన్సర్‌కు దారితీసే ఫ్యామిలియల్ అడినోమటస్ పాలిపోసిస్‌కు మేనరికంతో పనిలేదు. సుమారు పదివేల మందిలో ఒకరికి కనిపించే ఈ వ్యాధి తల్లిదండ్రులలో ఒక్కరికి ఉన్నా చాలు, పుట్టే ప్రతి బిడ్డకూ సంక్రమించే అవకాశం సగానికి సగం ఉంటుంది.

దీనికి మూలమైన ఏపీసీ అనే జన్యువు 5వ క్రోమోజోమ్ మీద ఉన్నదని, అందులోని తప్పులే ఈ వ్యాధికి కారణమని 1991లో తేలింది. ఈ క్రోమోజోమ్‌కు ఆడ, మగ భేదం లేదు కనుక తండ్రి నుంచి కూతురికి, తల్లి నుంచి కొడుకుకు ఒకే తీరుగా ఈ తప్పు అందుతుంది. వంశమంటే ఇంటిపేరే అనుకునే అలవాటు వల్ల, పెళ్లై ఇంటిపేరు మారిన ఆడపడుచులను, వారి పిల్లలను ఈ లెక్కలోంచి వదిలివేయడం చాలా పెద్ద పొరపాటు. జన్యువులు ఇంటిపేరును అనుసరించి నడవవు.

ఒక్క తప్పు అన్ని బుడిపెలను ఎలా పుట్టిస్తుందో డెల్టా సాగును చూస్తే బోధపడుతుంది. కాలువలో వచ్చే నీరు ఎప్పటిలాగే ఉన్నా, మురుగు కాలువలో గుర్రపు డెక్క పేరుకుపోతే చేను మునుగుతుందని దివిసీమ రైతులకు తెలుసు. పేగు పొరలో లక్షలాది సన్నని గుంటలు ఉంటాయి. వాటి అడుగున పుట్టిన కణాలు పైకి జరుగుతూ, విభజన మానుకొని, కొద్ది రోజుల్లోనే రాలిపోతాయి. కణాన్ని విభజనకు పురికొల్పే బీటా కెటెనిన్ అనే ప్రోటీన్ కాలువ నీటిలా నిరంతరం తయారవుతూ ఉంటుంది, దానిని ఎప్పటికప్పుడు విచ్ఛిన్నం చేయించే మురుగు కాలువ పనిని ఏపీసీ ప్రోటీన్ నిర్వహిస్తుంది. ప్రతి కణంలోనూ ఈ జన్యువుకు రెండు ప్రతులు ఉంటాయి కనుక ప్రతి చేనుకూ రెండు మురుగు కాలువలు ఉన్నట్లు లెక్క. సామాన్యునికి రెండూ ఒకే చేనులో పూడిపోవడం అరుదు, జరిగినా వయసు మళ్లాకే జరుగుతుంది. ఈ వ్యాధి ఉన్నవారికి ఊరి ఆయకట్టులోని ప్రతి చేనుకూ ఒక కాలువ పుట్టుకతోనే పూడి ఉంటుంది కనుక, మిగిలిన ఒక్కటి ఎక్కడ పూడితే అక్కడి చేను మునుగుతుంది, లక్షలాది చేలలో అటువంటివి వందలకొద్దీ తేలుతాయి. ముంపులో వరి కుళ్లితే ఇక్కడ కణాలు మాత్రం అదుపు లేకుండా పెరిగి బుడిపె కడతాయి. ఆ ముంపు గట్లు తెంచుకొని పక్క చేలను ముంచెత్తాలంటే మరికొన్ని జన్యువులు కూడా చెడిపోవాలి, అందుకే పాలిప్ క్యాన్సర్‌గా మారడానికి సంవత్సరాలు పడుతుంది. పుట్టుకతో ఒక దెబ్బ, ఆపైన మరొకటి అనే ఈ సూత్రాన్ని ఆల్ఫ్రెడ్ నడ్‌సన్ 1971లోనే పసిపిల్లల కంటి క్యాన్సర్ లెక్కల ఆధారంగా ప్రతిపాదించాడు.

పాలిప్‌లు సగటున 16 ఏళ్ల ప్రాయంలో మొదలవుతాయి. చికిత్స లేకపోతే దాదాపు అందరికీ, సగటున 39వ ఏట క్యాన్సర్ వస్తుంది. ఇరవై ఏళ్ల యువకుడికి మలంలో రక్తం పడితే మొలలని తేల్చి పసరు మందుతో ఏళ్లు గడిపేయడం, ఒకే ఇంట్లో తండ్రి, పెదతండ్రి, మేనత్త నలభైలలోనే పోతే సర్పదోషమని మోపిదేవి గుడిలో పూజలు చేయించి ఊరుకోవడం ఈ ప్రాంతంలో అపరిచితం కాదు. స్వామి మీద భక్తికి ఎవరూ అడ్డు చెప్పరు. కాని పూజ చేయించిన వారంలోనే పిల్లలకు కొలనోస్కోపీ కూడా చేయించాలి, ఎందుకంటే దోషం ఎక్కడ ఉన్నదో ఆ పరీక్షలో పేగులోకి పంపే గొట్టం చివరి కెమెరాలో కంటికి కనిపిస్తుంది.

మేనరికం నిజంగా పట్టించుకోవలసినది 2002లో బయటపడిన ఎంయూటీవైహెచ్ జన్యువు వల్ల వచ్చే పాలిపోసిస్‌లో, ఎందుకంటే అది రావాలంటే తల్లి నుంచి, తండ్రి నుంచి చెరొక తప్పు అందాలి. పాలిప్‌లు కొద్దిగానే ఉండి కూడా పెద్దపేగు, గర్భాశయ క్యాన్సర్లు తెచ్చే లించ్ సిండ్రోమ్ ఇంకా సాధారణం, అది మాత్రం ఏపీసీ తప్పులాగే ఒక్కరి నుంచే సంక్రమిస్తుంది.

కుటుంబ చరిత్రను అడిగి తెలుసుకోవడంలో దివిసీమకు ప్రత్యేకమైన చిక్కు ఒకటి ఉంది. 1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెన వేలాది మందిని ఒక్క రాత్రిలో తీసుకుపోయింది. ఈ వ్యాధి బయటపడే వయసుకు రాకముందే పోయినవారు ఆ వంశవృక్షాలలో ఖాళీలుగా మిగిలారు. కనుక మా పెద్దలెవరికీ పేగు క్యాన్సర్ లేదన్న మాటను అక్కడ రుజువుగా స్వీకరించడానికి వీలులేదు. పైగా రోగులలో సుమారు నాలుగో వంతు మందికి తల్లిదండ్రులలో ఎవరికీ లేని తప్పు కొత్తగానే పుడుతుంది. ఈ వ్యాధి ఉన్న చాలా కుటుంబాలలో కంటి రెటీనా మీద పుట్టుకతో వచ్చే నల్లని మచ్చలు మాత్రం ఒక ఆచూకీ ఇస్తాయి, వాటిని కంటి వైద్యుడు కనుపాపను పెద్దది చేసి చూడగలడు.

జన్యు పరీక్షను ముందుగా జబ్బు ఉన్న వ్యక్తికే చేయాలి. హైదరాబాద్‌లోని నిమ్స్ ఆసుపత్రిలో వైద్య జన్యుశాస్త్ర విభాగం ఉంది. జబ్బు ఉన్న వ్యక్తిలోని తప్పు ఏదో తేలాక, అదే తప్పు పిల్లలకు ఉన్నదా లేదా అన్నది కొద్దిపాటి రక్తంతో తెలుస్తుంది. ఉన్నవారికి 10 లేదా 12 ఏళ్ల నుంచి క్రమం తప్పకుండా కొలనోస్కోపీ చేసి, పాలిప్‌లు చేతికి మించినప్పుడు పెద్దపేగును తీసివేస్తారు. చిన్నపేగు చివరను సంచిలా మలిచి మలద్వారానికి కలిపే పద్ధతిని లండన్ సెయింట్ మార్క్స్ ఆసుపత్రి వైద్యులు 1978లో ప్రకటించిన తరువాత, పొట్ట మీద శాశ్వతంగా సంచి కట్టుకోవలసిన అవసరం చాలామందికి తప్పింది. పెద్దపేగు తీసివేశాక కూడా జీర్ణాశయాన్ని, చిన్నపేగు మొదటి భాగాన్ని చూపించుకుంటూ ఉండాలి. కుటుంబంలోని తప్పు రాలేదని తేలిన బిడ్డకు ఈ పరీక్షలేవీ అక్కరలేదు, ఆ బిడ్డ సంతానానికీ అక్కరలేదు.