ఏ షరియత్?

ధర్మసాగర్ బడిలో నా దగ్గర తెలుగు చదువుకున్న ముస్లిం యువకుడొకడు ఇప్పుడు చికాగోలో ఉంటూ కథలు రాస్తున్నాడు. ఇటీవల పంపిన కథలో భర్త గల్ఫ్‌కు పోయి ఆరేళ్లయినా ఆచూకీ లేదు. భార్య మళ్లీ పెళ్లి చేసుకుంటానంటే ఊరి పెద్దమనిషి ‘షరియత్ ఒప్పుకోదు’ అంటాడు. కథ అక్కడితో ముగుస్తుంది. ఆ స్త్రీ దుఃఖం నిజమే గాని, ఆ పెద్దమనిషి మాట నిజం కాదు.

షరియత్ వేరు, ఫిఖ్ వేరు. విశ్వాసుల దృష్టిలో షరియత్ దైవం చూపిన మార్గం. ఆ మార్గాన్ని ఖురాన్, హదీసుల నుండి పండితులు అర్థం చేసుకొని చెప్పినది ఫిఖ్. మనుషుల అవగాహన కనుకనే సున్నీలలో హనఫీ, మాలికీ, షాఫయీ, హంబలీ అని నాలుగు సంప్రదాయాలేర్పడ్డాయి. మన ప్రాంతపు సున్నీల్లో అత్యధికులు హనఫీలు. తప్పిపోయిన భర్త ఈడువాళ్లంతా గతించేదాకా భార్య ఆగాలన్నారు పాత హనఫీ పండితులు. మాలికీలు నాలుగేళ్లు చాలన్నారు. ఇలాంటి ఇరుకుల్లో చిక్కిన స్త్రీలు కొందరు గత శతాబ్ది తొలి దశాబ్దాల్లో పంజాబులో మతం మారి మరీ వివాహబంధం తెంచుకున్నారు. అది చూసి అష్రఫ్ అలీ థాన్వీ (హనఫీ పండితుడే, సంస్కరణవాది ఎంతమాత్రం కాడు) ఇటువంటి చోట మాలికీ అభిప్రాయం స్వీకరించవచ్చని 1930ల తొలినాళ్లలో గ్రంథమే రాశాడు. 1939 నాటి ముస్లిం వివాహాల రద్దు చట్టంలో నాలుగేళ్ల గడువు చేరింది ఈ చర్చ ఫలితంగానే. ఆ స్త్రీలు తెగించకుంటే పండితుల కలం కదిలేది కాదని నా అభిప్రాయం.

ఇంత వాదోపవాదాలున్న శాస్త్రం మనకు కదలని బండలా కనిపించడంలో వలసపాలకుల పాత్ర తక్కువేం కాదు. 12వ శతాబ్ది అరబ్బీ గ్రంథం ‘హెదాయా’ను పారశీకం మీదుగా హామిల్టన్ 1791లో ఇంగ్లీషు చేశాడు. కంపెనీ కోర్టులకు అదే ప్రమాణమైంది.

వాదం నేటికీ ముగియలేదు. భార్య కోరే విడాకులైన ఖులాకు భర్త సమ్మతి గాని, ముఫ్తీ పత్రం గాని తప్పనిసరి కాదని తెలంగాణ హైకోర్టు 2025 జూన్‌లో తీర్పు చెప్పింది. సంప్రదాయ హనఫీలు సమ్మతి కావాలనే అంటారు. ఇక మావాడున్న దేశంలో మతానికొక వివాహచట్టం లేదు, విడాకులిచ్చేది సివిల్ కోర్టే. అయినా 2002లో న్యూజెర్సీ కోర్టొకటి మెహర్‌ను మామూలు ఒప్పందంగా ఎంచి చెల్లించమంది.

కథ తిరగరాస్తానన్నాడు. ఆ పెద్దమనిషి నాలుగేళ్ల సంగతి తెలియక అన్నాడా, తెలిసీ దాచాడా అని అడిగాను. జవాబు ఇంకా రాలేదు.