మోటారు సైకిలు - మన బాటలు

మన సింహాద్రిపురం ప్రాంతమున ఎద్దులబండి చేసిన పనులలో చాలభాగము నేడు మోటారు సైకిలు చేయుచున్నది. ఎరువుబస్తా తెచ్చుటకును, పులివెందులకు పోవుటకును, రాత్రివేళ చీనీతోటకు నీరు పెట్టబోవుటకును అదియే. కావున దానిని జాగ్రత్తగా నడుపుటయు సేద్యపు పనులలో నొకటిగా ఎంచవలసియున్నది.

గడచిన కందికోతల కాలమున నాకు జరిగినది చెప్పెదను. మునిమాపువేళ పులివెందులనుండి వచ్చుచుండగా ఎదుటి లారీ దీపములకు కన్నులు చెదరినవి. లారీ దాటిన పిదప చూతునుగదా, ఇరువది గజముల దూరమున ట్రాక్టరు ట్రాలీ నిలిచియున్నది. దానికి వెనుక దీపము లేదు. తప్పింపబోయి, బాటపై పఱచిన కందికట్టెమీద జాఱి పడితిని. తల రోడ్డునకు కొట్టుకొని హెల్మెట్టు బీటవాఱినది. నేను భుజము నొప్పితో లేచితిని. ట్రాలీ మన సంఘ సభ్యునిదే. కంది పఱచినవాడును మనవాడే. నిజము చెప్పవలెనన్న, అంతకు ముందటియేడు నేనును అచ్చటనే ఉలవలు పఱచితిని!

2022వ సంవత్సరమున మన దేశపు రోడ్లపై 1,68,491 మంది మరణింపగా, వారిలో 74,897 మంది ద్విచక్రవాహనములపై పోవుచుండినవారు. హెల్మెట్టు లేక మరణించినవారు 50,029. అందు 14,337 మంది వెనుక కూర్చున్నవారు. కావున ఇల్లాలికిని ఒకటి కొనవలెను. చట్టమును అట్లే విధించుచున్నది. ఆమె చీరచెంగు చక్రమున చిక్కుకొనకుండ ముందే దోపుకొనవలెను.

హెల్మెట్టు వాడుక యుద్ధకాలమున బలపడినది. 1935లో ఇంగ్లండున లారెన్సు అను ప్రసిద్ధుడు మోటారు సైకిలునుండి పడి తలగాయముతో మరణించెను. ఆయనను చూచిన వైద్యులలో నొకడగు హ్యూ కెయిర్న్సు తరువాత సైనికుల తలగాయములను పరిశీలించి 1941లో వ్యాసము ప్రకటించెను. ఆ యేడే బ్రిటిషు సైన్యము హెల్మెట్టును తప్పనిసరి చేసెను. మనవారిలో కొందఱు పోలీసువారు కనబడువఱకు దానిని పెట్రోలు టాంకుపై నుంచుకొని పోవుదురు. టాంకునకు తలగాయమగునా? ఐ.యస్.ఐ. గుర్తు గలది కొని, గడ్డము క్రింది పట్టీని బిగింపవలెను; బిగింపనిచో పడినప్పుడు అది ముందుగా ఊడిపోవును.

గంటకు 60 కిలోమీటర్ల వేగమున బండి ఒక సెకండులో 16 మీటర్లకు పైగా పోవును. ఆపదను గుర్తించి బ్రేకు పట్టుటకే ఇంచుమించు అంత కాలము పట్టును. కావున ఎదుటి దీపములకు చూపు ఆననపుడు వేగము తగ్గించుటే ఉపాయము. గట్టి రోడ్డుపై రెండు బ్రేకులును కలిపి పట్టవలెను. ఇసుకపైనను, కట్టెపైనను ముందు బ్రేకు గట్టిగా పట్టినచో చక్రము జాఱును. అచ్చట హ్యాండిలు త్రిప్పక మెల్లగా దాటవలెను. 45 కిలోల యూరియా బస్తాను టాంకుపై వేసినచో హ్యాండిలు తిరుగదు. వెనుక చివరకు కట్టినచో ముందు చక్రము తేలికై పట్టు తప్పును. రెండు బస్తాలకు ఆటోబాడుగ ఇచ్చుట మేలు.

ఆ ట్రాలీ యజమానితో పిమ్మట మాటాడితిని. అతడు కోపగింపలేదు; వెనుక పలకకు ఎఱ్ఱని రేడియం పట్టీలు అంటించెను. ఇప్పుడు దూరమునుండియే మన దీపపు వెలుగునకు మెఱయుచున్నవి. సంఘపు గిడ్డంగిలో ఎరువులతోపాటు ఈ పట్టీలను గూడ నుంచవలసినదని రాబోవు సభలో అడుగనున్నాను. ఈయేడు నా ఉలవలను చేనిలోనే పట్టాపై నూర్చితిని. కూలి కొంత యెక్కువైనది.