నూనె పుదీనాలో ఆకు తెగుళ్లు: నేను చేసిన పొరపాటు మీరు చేయకండి



వీడియోలో చూసిన మడి కూర పుదీనా కాదండి. నూనె కోసం వేసే జపాన్ పుదీనా, అంటే మెంథా. ఉత్తరప్రదేశ్‌లో బారాబంకీ వైపు రైతులు ఎక్కువగా వేసే పంట ఇదే. నేను అర ఎకరంలో వేశాను. మొదటి కోత బాగానే వచ్చింది. రెండో కోత వానల్లో పడింది. పైనుంచి చూస్తే పచ్చగానే ఉంది, కింద మాత్రం ఆకంతా రాలిపోయింది. డ్రమ్ము నిండా వేసి ఆవిరి పట్టినా దిగిన నూనె వంటచెరకు ఖర్చుకి కూడా సరిపోలేదు.

ఎందుకంటే, పుదీనా నూనె దాదాపు అంతా ఆకు మీదుండే సన్నటి గ్రంథుల్లోనే ఉంటుంది. కాడలో ఉండేది చాలా తక్కువ. కూర పుదీనాకి మచ్చ పడితే ధర తగ్గుతుంది. మనకి ఆకు రాలితే పంటే పోయినట్టు.

ముఖ్యంగా మూడు తెగుళ్లు చూసుకోవాలి.

త్రుప్పు తెగులు: ఆకు అడుగున నారింజ, గోధుమ రంగు పొక్కులు వస్తాయి. వేలితో రుద్దితే పొడి అంటుతుంది. ఈ శిలీంద్రం బతకడానికి వేరే మొక్క అక్కర్లేదు, పుదీనా మీదే ఏడాదంతా గడిపేస్తుంది. అందుకే తెగులున్న మడి నుంచి పిలకలు తెస్తే తెగులునీ తెచ్చుకున్నట్టే.

ఆకుమచ్చ: గోధుమ, నలుపు మచ్చలు పెరిగి కలిసిపోతాయి, ఆకు పండి రాలుతుంది. తేమ ఎక్కువైతే ఉధృతి పెరుగుతుంది.

బూడిద తెగులు: ఆకు పైన తెల్లటి పొడి. దీనికి ఆకు తడవక్కర్లేదు, మొక్కలు ఒత్తుగా ఉంటే చాలు.

నా పొరపాటు ఇదీ. పొక్కులు చూశాక కూడా పుల్లటి మజ్జిగ కొడుతూ రెండు వారాలు ఆగాను. బూడిద తెగులు ఆకు పైన పాకుతుంది కాబట్టి మొదట్లోనే కొడితే మజ్జిగ పనిచేస్తుంది. త్రుప్పు ఆకు లోపల ఉంటుంది, పైన కొట్టింది దాన్ని చేరదు.

ఇప్పుడు నేను చేస్తున్నది:

• పిలకల్ని 44 డిగ్రీల వేడి నీటిలో 10 నిమిషాలు ఉంచి, వెంటనే చన్నీళ్లలో వేస్తాను. థర్మామీటర్ తప్పనిసరి. ముందు కొన్నిటితో చేసి చూడండి, వేడి ఎక్కువైతే మొలకలు చస్తాయి.
• సాయంత్రం స్ప్రింక్లర్ మానేశాను. రాత్రంతా ఆకు తడిగా ఉంటే త్రుప్పుకీ మచ్చకీ అదే అదను.
• వారానికోసారి కింది ఆకులు తిప్పి చూస్తాను. రాలడం మొదలైతే ఆగకుండా కోసేస్తాను. ముందు కోస్తే మెంథాల్ కాస్త తగ్గొచ్చు, కానీ నేల రాలిన ఆకు నుంచి వచ్చేది సున్నా.
• పుదీనా మీద మళ్లీ పుదీనా వేయను.

నూనె తీశాక మిగిలిన పిప్పి పారేయకండి. ఆవిరిలో ఉడికింది కాబట్టి అందులో తెగులు బతకదు, మల్చింగ్‌కి వాడుకోవచ్చు. మడిలో రాలిన ఆకుని మాత్రం ఏరి బయటికి తీసేయండి.